పెదనాన్న కథల్లో తెల్లవారేది

మొన్న మా పెదనాన్న సంవత్సరీకానికి కోనసీమలోని మా ఊరెళ్లాను. ఇంట్లో సాంబ్రాణి వేశారు. పొగ గదుల్లోకి పాకేసరికి నాకు పెదనాన్న చేతులు గుర్తొచ్చాయి. ఆయన చేతులు ఎప్పుడూ ఆ వాసనే వేసేవి. ఈయన రోజూ అంతంత సేపు పూజ ఎప్పుడు చేస్తారా అనుకునేదాన్ని చిన్నప్పుడు. గాయాల మీద రాసే టించరు బెంజాయిన్‌ని సాంబ్రాణి బంకతోనే చేస్తారని తర్వాతెప్పుడో ఆయనే చెప్పారు.

ఆయన దగ్గర్లోని టౌన్లో ప్రభుత్వాసుపత్రి కాంపౌండరు. ఊళ్లో పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, అందరికీ ‘కాంపౌండరు గారండీ’. పొద్దున్నే కాలువ గట్టు మీద సైకిలెక్కి వెళ్లేవారు, చీకటి పడేవేళకి వచ్చేవారు. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద లాంతరు పెట్టుకుని మర్నాటికి కావలసిన చీటీలు తయారు చేసేవారు. ఆ చీటీల సంగతి ఇప్పటివాళ్లకి తెలియదు. అప్పట్లో మందంటే సీసాలో పోసిచ్చే మిక్స్చరు. తెల్లకాగితాన్ని సన్నగా కత్తిరించి, మడతలు పెట్టి, మడత అంచున కత్తెరతో చిన్న గాటు పెడితే, విప్పినప్పుడు ఒక పక్కంతా వరసగా నొక్కులు పడేవి. దాన్ని మైదా జిగురుతో సీసాకి నిలువుగా అంటిస్తే ఒక్కో నొక్కు ఒక్కో మోతాదు. చదువు రాని ముసలమ్మకి కూడా పొద్దున ఎక్కడిదాకా తాగాలో, రాత్రికి ఎక్కడ ఆపాలో తెలిసిపోయేది. మడతలు పెట్టడం పిల్లల పని, గాట్లు పెట్టడం ఆయన పని. ఆ పని జరుగుతున్నంతసేపూ నాన్నమ్మ కథ చెప్పేది.

నాన్నమ్మ ‘కథ కంచికి, మనం ఇంటికి’ అనగానే పెదనాన్న కత్తెర పక్కన పెట్టి అడిగేవారు: “మరి తెల్లారాక ఏమైందే అమ్మా?”

మా చిన్నతనమంతా ఆ ప్రశ్న దగ్గరే గడిచింది.

* * *

నాన్నమ్మకి ఇష్టమైన కథ లంకెబిందెలది. పేద పాలేరుకి దుక్కి దున్నుతుంటే నాగలికి ఖంగుమని తగులుతుంది. తవ్వితే గొలుసుతో కలిపిన రెండు బిందెల నిండా బంగారు కాసులు. అక్కడితో కష్టాలు తీరిపోయాయి, హాయిగా బతికాడు, కథ కంచికి.

“హాయిగా ఎలా బతుకుతాడే?” అన్నారు పెదనాన్న ఒకరోజు. “తెల్లారి ఒక కాసు పట్టుకుని కంసాలి దగ్గరికి వెళ్తాడు. నిన్నటిదాకా గింజలు అప్పడిగినవాడి చేతిలో పాతకాలం కాసు. కంసాలి సగం ధర కట్టి, సాయంత్రానికి ఇంకో నలుగురికి చెప్తాడు. భూమి ఆసామిది, దున్నింది పాలేరు. ఆసామి ఊరుకుంటాడా? దీనికి తెల్లదొరలు 1878లో చేసిన చట్టం ఇంకా ఉంది. భూమిలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి తెలియజెయ్యాలి. దాస్తే వాటా పోవడమే కాదు, జైలు కూడా.”

“నీకు కథ చెప్పేదానికంటే గోడకి చెప్పుకోవడం నయంరా” అని నాన్నమ్మ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు రాత్రి మాత్రం మేమెవరం అడక్కుండానే ఆ కథే మళ్లీ ఎత్తుకుంది. ఈసారి పాలేరుకి పెళ్లాం వచ్చింది. అంతవరకు ఆ కథలో ఆడమనిషే లేదు. ఆ పెళ్లాం బిందెలు చూడగానే దీపం ఆర్పేసింది. మొగుణ్ణి పొద్దున్నే మామూలుగా పనికి వెళ్లమంది. బిందెలు మళ్లీ పాతేసి పైన బెండ విత్తులు పెట్టింది. ఏం చేసుకోవాలో తెలియక మొగుడికి నిద్ర పట్టదు. పక్కింటివాళ్లు చేబదులు అడిగినప్పుడల్లా ఆమెకి చెమటలు పడతాయి. ఆసామి కోడలు బెండకాయలు బావున్నాయి, విత్తనాలివ్వమని పెరట్లోకి వచ్చేసరికి మేం ఊపిరి బిగబట్టాం. ఆ రాత్రి కథ పూర్తి కాలేదు. ఆ తర్వాత రాత్రి కూడా కాలేదు. నాన్నమ్మ చెప్పిన కథలన్నిట్లో నాకు ఈనాటికీ ముఖాలతో సహా గుర్తున్న కథ అదొక్కటే. పెదనాన్న ఆ ప్రశ్న అడగకపోతే ఆ దీపం ఆర్పిన మనిషి పుట్టేదే కాదు.

* * *

ఎండాకాలం, రెండో పంట దాళ్వా నూర్పులయ్యాక, ఊరి చివర కోసేసిన చేలో టూరింగ్ టాకీసు డేరా దిగేది. సాయంత్రం మైకులో భక్తి పాట మొదలైతే మా వీధిలో అందరి ఇళ్లలోనూ తొందర మొదలయ్యేది. నేల టిక్కెట్టు వాళ్లం ముందే వెళ్లి ఇసక పోగుచేసి ఎత్తుగా కూర్చునేవాళ్లం. ఒక్కటే మిషను, రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి. ఆ వెలుతురులో సోడాలు, జీళ్లు, వేరుశెనక్కాయలు.

పెదనాన్నకి సినిమా అంటే ప్రాణం. తల్లీ కొడుకులు విడిపోతే ఉత్తరీయంతో కళ్లు తుడుచుకునేవారు, విలన్ వస్తే పళ్లు నూరేవారు. హాల్లో ఉన్నంతసేపూ ఒక్క మాట అనేవారు కాదు. ప్రశ్నలన్నీ తిరిగొచ్చే దారిలో, కాలువ గట్టు మీద. అవి కాలువలు కట్టేసే రోజులు. నీళ్లు తీసిన కాలువ అడుగున బురదలో చేపలు పట్టేవాళ్ల లాంతర్లు కదులుతుండేవి. వాళ్లు కూడా ‘ఏం కతండీ ఈయాల?’ అని అడిగి, పెదనాన్న చెప్పేది నిలబడి వినేవారు.

అప్పటి సినిమాల్లో తలకి దెబ్బ తగిలితే మతి పోయేది, ఇంకో దెబ్బ తగిలితే తిరిగొచ్చేది. అలాంటి సినిమా చూసొస్తూ ఒకసారి ఆయన మా వీధి చివరి దింపు మనిషి గురించి చెప్పారు. కొబ్బరి దింపుకి చెట్టెక్కి, వాన తడి ఆరని మట్ట మీద చెయ్యి జారి పడ్డాడు. పొద్దున పడినవాడికి చీకటి పడినా స్పృహ లేదు. ఎదుర్లంక దగ్గర వంతెన లేని రోజులు. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లాలంటే గోదారి దాటాలి, జనాన్ని ఏరు దాటించే పంటు ఇవతలి ఒడ్డుకి వచ్చేదాకా ఆగాలి.

“కొన్ని నిమిషాలు దాటి స్పృహ రాలేదంటేనే మెదడుకి గట్టి దెబ్బ తగిలినట్టమ్మా” అన్నారు పెదనాన్న. “సినిమాలో గంటలకి గంటలు పడుకుని, లేచి, దుమ్ము దులుపుకుని ఫైటింగు చేస్తున్నాడే, ఆ దెబ్బ నిజంగా తగిలితే లేచి నిలబడ్డానికే నెలలు పడుతుంది.”

ఆ మనిషి రెండు నెలలకి ఇంటికొచ్చాడు. పాత సంగతులన్నీ గుర్తున్నాయి. పెళ్లాం, పిల్లలు, ఎవరి తోటలో ఎన్ని చెట్లు, అన్నీ. పడిన రోజు మాత్రం ఎంత తడిమినా దొరకలేదు. వాసన పోయింది. ఎండు నెత్తళ్లు వేగుతుంటే నాలుగిళ్ల అవతలికి తెలిసేది, ఆయనకి తెలిసేది కాదు. తిండి సయించేది కాదు. నెమ్మదైన మనిషికి అయినదానికీ కానిదానికీ కోపం వచ్చేది. ఆయన భార్య పీచు పనికి వెళ్లడం మొదలుపెట్టింది. పెద్ద కొడుకు బడి మానేశాడు.

“రెండో దెబ్బతో అన్నీ గుర్తొస్తాయని సినిమా చూసినవాళ్లు అనుకోకూడదమ్మడూ. రెండో దెబ్బ తగిలితే వాడు దక్కడు. అందుకే వాణ్ణి మళ్లీ చెట్టెక్కనివ్వద్దని వాళ్లావిడకి చెప్పొచ్చాను.”

నాకు అప్పటిదాకా ఆ దింపు మనిషి ఎప్పుడూ చిరాగ్గా ఉండే మనిషి, అంతే. మర్నాటి నుంచి ఆ ఇంటి ముందు మేం గట్టిగా అరిచి ఆడుకోవడం మానేశాం. ఎవరూ చెప్పలేదు.

రుమాలు ముక్కు దగ్గర పెట్టగానే మనిషి కూలిపోయే సీన్ గురించి కూడా అలాగే చెప్పేవారు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆపరేషన్లకి మత్తు ఇవ్వడం చూశారట. గుడ్డ చుట్టిన తీగ ముసుగు ముక్కు మీద పెట్టి, చుక్క చుక్కగా మందు వదులుతూ, నాడి పట్టుకుని కూర్చునేవారు. క్లోరోఫాంకయినా నిమిషాలు పడుతుంది, ఆ లోపల మనిషి కొట్టుకుంటాడు, చుక్కలు ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. “ఆ రుమాలు పట్టుకున్నవాడికి నాడి చూడ్డం వచ్చా?” అని అడిగేవారు.

* * *

పాము సంగతి నేను కళ్లారా చూశాను.

మొదటి పంట, సార్వా కోతల రోజులు. మధ్యాహ్నం పెదనాన్నకి క్యారేజీ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. అదే వేళకి ఒక రైతుని మంచం మీద మోసుకొచ్చారు. పనలు ఎత్తుతుంటే చీలమండ దగ్గర రక్తపింజరి కాటేసింది. పక్క చేలో ఉన్న కుర్రాడు ఎప్పుడో సినిమాలో చూసినట్టు బ్లేడుతో గాటు పెట్టి, నోటితో పీల్చి ఉమ్మేశాడు. మంచి మనసుతోనే చేశాడు. కానీ రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. కాటు కంటే ఆ గాటు లోంచే ఎక్కువ కారుతోంది. మంచం కిందంతా ఎరుపు.

ఆ ఆసుపత్రిలో లాబ్ చూసుకునే మనిషి వేరే ఉండేవాడు కాదు. డాక్టరుగారు చెప్పగానే పెదనాన్న శుభ్రమైన, తడి లేని గాజుగొట్టం తీశారు. నరం లోంచి కొంచెం రక్తం తీసి అందులో పోసి, కిటికీ గూట్లో నిలబెట్టారు. “ఇరవై నిమిషాలు దీన్నెవరూ ముట్టుకోవద్దు” అన్నారు. నేను గుమ్మం పక్కన క్యారేజీతో నిలబడిపోయాను. రైతు తమ్ముడు గోడ గడియారాన్నీ, గొట్టాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. టైమయ్యాక పెదనాన్న గొట్టాన్ని వేళ్లతో పట్టుకుని మెల్లిగా ఒక్కసారి వంచారు. మంచి రక్తమైతే జున్నులా గట్టిపడి అడుగునే అంటుకుని ఉండాలి. అది గొట్టం అంచుదాకా జారివచ్చింది. పెదనాన్న ఏమీ అనలేదు, డాక్టరుగారి వైపు చూశారు. ఆయన సీరం తీయమన్నారు.

ఆ విరుగుడు మందుని గుర్రాల నుంచి తయారుచేస్తారు. గుర్రానికి కొంచెం కొంచెంగా విషం ఎక్కించి, దాని రక్తంలో పుట్టిన విరుగుడుని వేరు చేస్తారు. ఆ రాత్రి గట్టు మీద నడుస్తూ ఇదంతా చెప్పారు. అంతకంటే ముఖ్యంగా, మందు ఎక్కాక ఏమవుతుందో చెప్పారు. ఆ రైతుకి ఆ సాయంత్రం నుంచి మూత్రం తగ్గింది, అంటే మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. రాత్రికి రాత్రి కాకినాడ పంపారు. సంక్రాంతికి ఇంటికొచ్చాడు. కాలి పుండు మానేసరికి ఉగాది దాటింది. కోసి పడేసిన పనలు చేలోనే ఉండిపోతే, చుట్టుపక్కల రైతులు వాళ్ల పని ఆపుకుని వచ్చి కుప్ప వేశారు. బ్లేడుతో కోసిన కుర్రాడు అందరికంటే ముందొచ్చి, చీకటి పడేదాకా ఎవరితోనూ మాట్లాడకుండా పనలు మోశాడని పెదనాన్న చెప్పినప్పుడు ఆయన గొంతు మారింది. పాముకాటు సీన్ రాసేవాళ్లు ఆ కుర్రాణ్ణి ఎందుకు వదిలేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కథంతా అక్కడే ఉంది కదా.

కట్లపాము సంగతి వేరు. అది రాత్రిళ్లు నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం. ఊపిరి తీసుకునే కండరాలు కూడా పడిపోతాయి. అందుకే మా ఇంట్లో పిల్లలెవరినీ నేల మీద పడుకోనిచ్చేవారు కాదు. చుట్టాలొస్తే మంచాలు చాలక పొరుగిళ్ల నుంచి తెచ్చేవాళ్లం, దోమతెర అంచులు పరుపు కిందికి దోపాకే ఆయన నిద్రపోయేవారు.

* * *

కనుమ నాడు మా కోనసీమలో ప్రభల తీర్థాలు, అంటే దేవుణ్ణి పెట్టి అలంకరించిన ఎత్తైన ప్రభలని ఊరేగించే జాతర్లు. జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల నుంచి పదకొండుమంది శివుళ్లు, ఏకాదశ రుద్రులు వస్తారు. గంగలకుర్రు వాళ్లు ప్రభలని భుజాల మీద ఎత్తుకుని కౌశిక ఏరు దాటిస్తారు, చేలకి అడ్డంగా మోసుకొస్తారు. పైరు తొక్కుడుపడితే రైతు బాధపడడు, తన చేలోంచి దేవుడు నడిచాడనుకుంటాడు.

పెదనాన్న ఇది తలచుకుని సినిమా సంత గురించి మాట్లాడేవారు. హీరో కొట్టిన దెబ్బకి రౌడీ ఎగిరి కుండల మీద పడతాడు, అరటి గెలల బండి తిరగబడుతుంది, జనం చప్పట్లు. “ప్రభ తొక్కిన పైరుకి ఆ రైతు మనసారా ఒప్పుకున్నాడు. ఈ కుండలమ్మని ఎవరడిగారమ్మా? ఆ మట్టి తవ్వి, తొక్కి, సారె మీద తిప్పి, ఆరబెట్టి, ఆవం పెట్టి, ఒక్క కుండ బీట వారకుండా సంతకి తెచ్చింది. రాత్రికి ఇంట్లో ఏం చెప్తుంది?”

మా ఊరి తీర్థంలో నిజంగానే ఇద్దరు కుర్రాళ్లు కలబడి ఒక ముసలామె పరిచిన మట్టి పిడతల మీద పడ్డారు. గొడవ ఆపేవాళ్లు గొడవ ఆపుతున్నారు. పెదనాన్న వెళ్లి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నారు. పగిలినవి ఒక పక్క, బీట వారినవి ఒక పక్క, బాగున్నవి ఒక పక్క పెట్టడం మొదలుపెట్టారు. నన్నూ పిలిచారు. చిన్న పొయ్యి, చిన్న అన్నం గిన్నె, మూత, గరిటె అన్నీ కలిపి ఒక జత. ఒక్క మూత పగిలినా జత అమ్ముడుపోదని ఆమె చెప్పింది. ఆ లెక్క కూడా వేశారు. ఆ ఇద్దరి తండ్రుల దగ్గరికీ వెళ్లి డబ్బు అడిగి తెచ్చారు. ఒకాయన ఇచ్చాడు, ఇంకొకాయన సణిగి సగమే ఇచ్చాడు. మిగిలింది పెదనాన్న కలిపారు. పిల్లల ఫైటింగు ఎవరు గెలిచారో నాకు గుర్తు లేదు.

* * *

పెద్దయ్యాక విజయవాడలో ఒక వారపత్రికలో చేరాను. పోస్టులో వచ్చే కథలు చదివి, వేసుకోదగ్గవి ఏరడం పని. తిప్పి పంపడానికి స్టాంపులంటించిన కవరు ప్రతి కథకీ జత చేసి ఉండేది. చాలా కథల్లో కూతురు ఎవరినో ప్రేమించిందని వినగానే తండ్రి గుండె పట్టుకుని పడిపోయేవాడు. ఇంకొన్నిట్లో పక్కపక్క మంచాలు వేసి, కొడుకు ఒంట్లోంచి తల్లి ఒంట్లోకి గొట్టంతో నేరుగా రక్తం ఎక్కించేవారు. మనిషి దగ్గర ఒక్కసారికి తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు, దాన్ని గ్రూపు చూసి, మ్యాచింగు చేసి, పరీక్షలయ్యాక గాని ఎక్కించరు. ఆ ఆలస్యంలో వరండాలో కూర్చున్నవాళ్ల టెన్షన్ రాస్తే ఎంత కథ!

నచ్చిన కథలకి పోస్టుకార్డు రాసేదాన్ని. పెదనాన్న ప్రశ్నే రాసేదాన్ని. ‘తండ్రిగారు పోయారు. తెల్లారాక ఏమైంది?’ కొందరికి కోపం వచ్చేది. గోదావరి జిల్లా నుంచే ఒక టీచరుగారు మాత్రం కథ మార్చి పంపారు. అందులో తండ్రి పోయిన పదకొండో రోజు నుంచి కథ మొదలైంది. మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు తప్పు పడింది. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలకి తల్లి పేరు సరిపోలదు. ఆ కాగితాలన్నీ ఇంటికి దూరమైన కూతురే పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది, ఆమె వెంట మాట్లాడకుండా తల్లి. మొదట రాసిన కథలో ఇద్దరూ కౌగిలించుకుని ఏడ్చేవారు. ఈ కథలో ఆఫీసు మెట్ల మీద కూతురు తెచ్చిన ఇడ్లీ పొట్లం తల్లి విప్పి సగం చేస్తుంది. పాఠకుల ఉత్తరాలు వారాల తరబడి వచ్చాయి. పెదనాన్నకి ఆ సంచిక పంపితే రెండుసార్లు చదివి, “ఈయన ఆసుపత్రిలోనో ఆఫీసులోనో బాగా కూర్చున్న మనిషమ్మా” అని రాశారు.

* * *

1986 ఆగస్టులో వచ్చిన వరద గురించి మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అప్పుడు 35 లక్షలు దాటింది. లంకల్లోవాళ్లంతా పశువులతో సహా ఏటిగట్టు మీదికొచ్చారు. పెదనాన్నకి గట్టు మీద డ్యూటీ.

వరద గురించి కథల్లో రాసేది ఒకటే. కొట్టుకుపోతున్నవాళ్లు కేకలు వేస్తారు, హీరో దూకుతాడు, కుటుంబం కలుస్తుంది. మునిగిపోయే మనిషి అరవలేడని పెదనాన్న చెప్పేవారు. నోరు నీటి పైకి వచ్చే ఆ క్షణం ఊపిరికే చాలదు, ఇంక అరుపెక్కడిది? గట్టు మీద నిలబడ్డవాడికి ఏమీ వినపడదు. అందుకే రేవులో పిల్లలు స్నానాలు చేస్తుంటే ఆయన చెవితో కాకుండా కళ్లతో కనిపెట్టుకుని ఉండేవారు, ఎవరైనా పలకరించినా తల తిప్పేవారు కాదు.

ఇక కుటుంబం కలిశాక. “వాళ్లు కలిసేసరికి సినిమా అయిపోతుంది. మాకు అప్పుడే మొదలవుతుంది. కలిసినవాళ్లకి ఆ రాత్రి తాగడానికి ఏ నీళ్లివ్వాలి?” నీళ్లు తీశాక ఇళ్లలో మోకాలి లోతు ఒండ్రు. నానిపోయి మొలకలొచ్చిన విత్తనాల బస్తాలు. దూలాల మీద పాములు. బావుల్లో బ్లీచింగ్ వేస్తూ, విరేచనాలు పట్టుకున్న పిల్లల తల్లులకి ఆయన గట్టు పొడుగునా తిరిగి ఒకటే చెప్పారు: కాచి చల్లార్చిన లీటరు నీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. పంచదార లేని ఇళ్లు ఎక్కువ. అది ఎక్కడ దొరుకుతుందో వెతకడమే ఆ వారమంతా ఆయన పనట. హీరో ఈత కంటే ఆ పంచదార వెతుకులాట నాకు గొప్పగా కనిపిస్తుంది. చిన్నప్పుడూ అలాగే కనిపించింది, ఎందుకంటే ఆయన దాన్ని అలా చెప్పేవారు. ఏ కొట్టువాడు ఏమన్నాడో, ఎవరు పెళ్లికని దాచిన బస్తా విప్పారో, అంతా సీన్ల వారీగా.

* * *

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడింది. మా తోటలో నిలబడ్డ కొబ్బరి చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టుకునేలా మిగిలాయి. పెదనాన్న అప్పటికి రిటైరై ఆ తోట మీదే ఆధారపడ్డారు. ఆ తర్వాత కొన్నేళ్లకి మా అక్క పిల్లలు సెలవులకొస్తే, తాతయ్య తుపాను కథ చెప్పమని కూర్చున్నారు. ఈ కథ మీకందరికీ తెలిసిందే: గాలి వచ్చింది, అంతా పోయింది, మళ్లీ మొక్కలు వేశారు, ‘ఏడేళ్లు గడిచాయి’, తోట మళ్లీ కళకళలాడింది.

ఆయన ఆ ఏడేళ్లనీ ఒక్క మాటలో దాటించడానికి ఒప్పుకోలేదు. రాత్రికొక ఏడాది చెప్పారు.

మొదటి రాత్రి, పడిన చెట్లు. ఊరంతా పడ్డాయి కాబట్టి మొద్దులు కొనే నాథుడు లేడు. తోటలోనే కుళ్లాయి. రెండో రాత్రి, గోతులు తవ్వి, అడుగున ఉప్పూ బూడిదా వేసి మొక్కలు పాతారు. మూడో రాత్రి, కుళ్లిన మొద్దుల్లో పెరిగిన కొమ్ము పురుగులు ఆ లేత మొక్కల మొవ్వుల్లో దూరాయి. ఇనప కొక్కెంతో ఒక్కో పురుగునీ బయటికి లాగడం ఎలాగో వేలు వంచి చూపించారు. నాలుగో రాత్రి, చెట్ల మధ్య అరటి వేసుకుని బతకడం, అక్క ఆడపడుచు పెళ్లి వాయిదా. అయిదో రాత్రి, దింపు తీసేవాళ్లు పని లేక ఊళ్లు వదలడం, వాళ్ల ఆడవాళ్లలో కొందరు కువైట్ వెళ్లడం. తలకి దెబ్బ తగిలిన ఆ దింపు మనిషి కూతురు కూడా అలాగే వెళ్లింది. ఆరో రాత్రి ఏమీ జరగలేదు. మట్టలు పెరిగాయి, అప్పు వడ్డీ పెరిగింది, అంతే. పిల్లలు ఆవలిస్తారేమోనని నేను చూస్తున్నాను. చిన్నది లేచి కూర్చుని, “వడ్డీ ఎవరికి కట్టాలి తాతయ్యా?” అని అడిగింది. ఆయన చెప్పారు.

ఏడో రాత్రి పొత్తి విచ్చింది, పూత వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎన్ని కాయలు కాసిందని అడిగారు.

“మొదటి గెల కదమ్మా, పిందెలు చాలావరకు రాలిపోయాయి. నాలుగు నిలబడ్డాయి” అన్నారు పెదనాన్న. “రెండు దేవుడికి కొట్టాం. ఒకటి పచ్చడి చేసింది మీ అమ్మమ్మ. ఒకటి ఆ కువైట్ వెళ్లినమ్మాయి వాళ్లమ్మకిచ్చాం.”

“తెల్లారాక?” అంది చిన్నది.